రెండుసార్లు వచ్చిన ముక్క

మార్చి 3, మంగళవారం

ఉదయం పదింటికి కంట్రోల్ రూమ్ ఆవిడ ఫోను. అంబులెన్స్ కాల్స్ అందుకునే చోట ఆవిడ నెట్‌వర్క్ ఇంజనీరు. రెండేళ్ళుగా మా సాఫ్ట్‌వేర్ వాడుతోంది. ముఖం ఎప్పుడూ చూడలేదు, గొంతు మాత్రం బాగా తెలుసు. ఎప్పుడు చేసినా ముందు "బాగున్నారా మేడం" అంటుంది. ఈరోజు అనలేదు.

"మేడం, మీది మళ్ళీ పడిపోయింది."

"ఎప్పుడు?"

"సరిగ్గా కావలసినప్పుడే. నిన్న మధ్యాహ్నం రెండూ పదికి మా కాల్స్ తెగిపోయాయి. నలభై సెకన్లు. అసలు ఎందుకు తెగుతున్నాయో, ఆ క్షణాన తీగ మీద ఏ ప్యాకెట్ వస్తోందో పట్టుకుందామని కదా మీ సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాం. అదీ అదే క్షణంలో చచ్చింది. వాన పడగానే మూసుకుపోయే గొడుగు మాకెందుకు మేడం?"

నవ్వబోయి ఆగాను. ఆవిడ నవ్వడం లేదు.

"రికార్డయిన ఫైలు?"

"మీదానితోపాటే సగంలో తెగింది. ఆ ఒక్క ప్యాకెట్టే లేదు."

అడక్కుండా ఉండాల్సింది, అడిగాను. "ఆ నలభై సెకన్లలో ఎన్ని కాల్స్ వచ్చాయి?"

"తొమ్మిది. ఏడుగురు మళ్ళీ చేశారు. ఇద్దరు చెయ్యలేదు."

"చెయ్యలేదంటే?"

"చెయ్యలేదంటే చెయ్యలేదు మేడం. మాకు అంతే తెలుసు."

నెలలో ఇది మూడోసారి. క్రాష్ రిపోర్టు చూశాను. తీగ మీద డేటా ప్యాకెట్లుగా, చిన్న చిన్న మూటలుగా వస్తుంది. ఒక ప్యాకెట్ ముక్కలుగా వస్తే వాటిని అతికే ఫంక్షన్ దగ్గర కూలింది. అంతమాత్రాన తప్పు ఆ ఫంక్షన్‌లో ఉందని కాదు. మెమరీని ఎక్కడో ఎవరో పాడుచేస్తారు, మరెక్కడో బయటపడుతుంది. చాలాసార్లు అలాగే జరుగుతుంది. నా ఇరవై రెండేళ్ళ అనుభవంలో ఎన్ని చూడలేదు.

ఈ నోట్‌బుక్ ఎవరికీ చూపించేది కాదు. బుర్రలో గిరగిర తిరిగేది కాగితం మీద పెడితే కాస్త ఆగుతుందేమోనని.

మార్చి 4, బుధవారం

ఇస్త్రీపెట్టె ఆపానో లేదో చూడ్డానికి బస్ స్టాపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాను. ఆపే ఉంది.

రోజంతా వెతికాను. మా దగ్గర ఎంత నడిపినా కూలదు. దొరకలేదు.

మార్చి 5, గురువారం

మీటింగ్. మేనేజర్‌ని మేమంతా వెనకాల గడియారం అంటాం. ఏం చెప్పినా "ఎప్పటికి?" అని అడుగుతాడు కాబట్టి.

"ఈ క్రాష్‌లు ఎప్పుడు మొదలయ్యాయి?" అన్నాడు.

"ఐదు వారాలైంది" అన్నాను.

"అంతకుముందు ఏం మార్చాం?"

జవాబు అందరికీ తెలుసు. ఆరు వారాల కిందట పిచ్చుక ఒక మార్పు చేసింది. పిచ్చుక అని పేరు పెట్టింది నేనే. చేరి ఎనిమిది నెలలు. కుదురుగా కూర్చోదు. ఇక్కడో గింజ అక్కడో గింజ ఏరుకున్నట్టు అందరి కోడూ చదువుతుంది, చదివి ఊరుకోదు, ఇదెందుకు అక్కా, అదెందుకు అక్కా అని చంపుతుంది. పని అయిపోయిన మెమరీని గంటలకొద్దీ అట్టే పెట్టుకోకుండా వెంటనే వదిలేసేలా మార్చింది. మంచి మార్పు. చూసి సరే అన్నది నేనే.

"సార్, నా మార్పు వల్ల బయటపడి ఉండొచ్చు. కానీ తప్పు అంతకుముందు నుంచే లోపల..."

"లోపలా బయటా నాకొద్దమ్మా. అది తీసేస్తే ఆగుతుందా, ఆగదా?" అని నావైపు తిరిగాడు. "మీరు చెప్పండి."

"ఆగొచ్చు" అన్నాను. అది అబద్ధం కాదు.

"ఎప్పటికి?"

"రేపటికి."

పిచ్చుకను కోడ్ నుంచి తప్పించి మాన్యువల్ రాసే పనిలో వేశాడు. "కొన్నాళ్ళు అటు వెళ్ళకు తల్లీ, అవతల అంబులెన్సులతో వ్యవహారం" అన్నాడు. ఆ పిల్ల నా వైపు చూసింది. నేను నా కాగితాల్లోకి చూసుకున్నాను. చేతిలో ఆధారం లేకుండా ఏమని మాట్లాడను?

మార్చి 6, శుక్రవారం

ఆ మార్పు తీసేసి కొత్త వెర్షన్ పంపాను. కంట్రోల్ రూమ్ ఆవిడ మధ్యాహ్నం పెట్టేసింది. సాయంత్రం దాకా నడిచింది. కూలలేదు.

"చూశారా" అన్నాడు గడియారం, తనే కనిపెట్టినట్టు.

చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

మార్చి 7, శనివారం

సెలవు. మా ఆయన కళ్ళద్దాల దుకాణంలో కూర్చున్నాను, శనివారాలు రద్దీ. ప్రతి ఆర్డరుకూ ఒక చిన్న ప్లాస్టిక్ ట్రే, దానికో నంబరు, అదే నంబరుతో చీటీ. అద్దాలు బిగించి ఇచ్చేశాక ట్రే ఖాళీ అయి అరలోకి వెళుతుంది. తర్వాత వచ్చినవాళ్ళ అద్దాలు అందులో పడతాయి.

"ఏంటి, వారం నుంచీ మనిషివి ఇక్కడ, ప్రాణం ఎక్కడో?" అన్నారు ఫ్రేము తుడుస్తూ.

ఎలా చెప్పాలో తెలియక ఆ ట్రేలతోనే చెప్పాను. "మెమరీ అంటే ఇదే అనుకోండి. పని ఉన్నంతసేపు ట్రే మనది. అయిపోయాక అరలో పెట్టేస్తాం. కానీ ఎవరో చీటీ చింపకుండా జేబులో ఉంచుకున్నారు. తర్వాత వచ్చి పాత చీటీ చూపించి అదే ట్రే పట్టుకెళ్తారు."

"అప్పటికి అందులో ఇంకొకళ్ళ అద్దాలుంటే?"

"గొడవే. మా దగ్గర అదే క్రాష్."

"ట్రే ఇంకా ఎవరికీ ఇవ్వకపోతే?"

"మెమరీలో పాతవి తీసెయ్యరు, అందులోనే ఉంటాయి. కొత్తగా వచ్చినవాటికి బదులు ఆ పాతవే మళ్ళీ ఇస్తాం. ఎవరికీ తెలియదు."

"తెలియకపోవడమేంటి? దగ్గరి చూపువాడికి వేరేవాళ్ళ అద్దాలిస్తే మెట్లమీద పడి పళ్ళు రాలగొట్టుకోడూ?" అని నవ్వారు. "ఆ గొడవే నయం, అప్పుడైనా తప్పు జరిగిందని తెలుస్తుంది. ఇంతకీ ఆ చీటీ చింపనిది ఎవరు?"

"ఒక ఫంక్షన్."

"ఎవరు రాశారు?"

"ఎప్పటిదో" అన్నాను.

ఇంతలో ఎవరో వచ్చారు, ఆయన లేచారు. నేను అక్కడే కూర్చుండిపోయాను. పిచ్చుక చేసిందల్లా ట్రేలను త్వరగా అరలోకి చేర్చడమే. దాంతో అవి త్వరగా వేరేవాళ్ళకు వెళ్ళాయి, గొడవ బయటపడింది. ఇప్పుడు ఆ మార్పు తీసేశాం. ట్రేలు మళ్ళీ గంటలకొద్దీ అలాగే ఉంటాయి. క్రాష్ ఉండదు. కానీ...

ఇది ఊహ మాత్రమే. సోమవారం చూడాలి.

మార్చి 9, సోమవారం

వేరే పనులు మీద పడ్డాయి. చూడటం కుదరలేదు.

లిఫ్ట్ దగ్గర పిచ్చుక కనబడింది. ముఖం వాడిపోయి ఉంది. నాలుగు మాటలు ధైర్యం చెప్పాను.

మార్చి 10, మంగళవారం

పాత రిపోర్టుల్లో వేరే దేనికోసమో వెతుకుతుంటే ఐదేళ్ళ కిందటిది తగిలింది. ఎవరో పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పే మాస్టారు రాశారు. 'చివరి ముక్క రెండుసార్లు వచ్చినప్పుడు మీ సాఫ్ట్‌వేర్ రెండోదాన్ని తప్పుగా చూపిస్తోంది. రెండోదాని లోపల వేరే ఏదో ఉన్నా, మొదటిదే మళ్ళీ చూపిస్తోంది. నమూనా ఫైలు జతచేశాను, దయచేసి చూడగలరు.' చాలా మర్యాదగా ఉంది. కింద నా జవాబు: 'మా దగ్గర ఇలా రాలేదు. మూసివేస్తున్నాం.'

ఫైలు తెరిచి నడిపి చూసే ఉంటాను. చూడకుండా అలా రాయను. రాలేదు కాబట్టే రాలేదని రాశాను.

దీనికీ దానికీ సంబంధం ఉందనేమీ లేదు.

మార్చి 11, బుధవారం

ఇస్త్రీపెట్టె కోసం రెండుసార్లు వెనక్కి వచ్చాను. బస్సు తప్పింది.

మార్చి 12, గురువారం

పదకొండున్నరకు ఫోను. ఈసారి "బాగున్నారా మేడం" అంది. అదే భయమేసింది.

"మీది ఈసారి కూలలేదు మేడం. బంగారంలా నిలబడింది. తొమ్మిదీ ఇరవైకి మళ్ళీ కాల్స్ తెగాయి, అంతా రికార్డయింది. ఇప్పుడే కూర్చుని మొత్తం చూశాను."

"ఏం కనబడింది?"

"ఏమీ లేదు! అన్ని ప్యాకెట్లూ శుభ్రంగా ఉన్నాయి. ఒకచోట ఒకే ముక్క రెండుసార్లు వచ్చింది, రెండూ ఒకేలా ఉన్నాయి. దానివల్ల ఏమవుతుంది? అంటే తీగ మీద వచ్చే దాంట్లో తప్పు లేదు, తప్పు కాల్స్ అందుకునే మా మిషన్లోనే ఉందన్నమాట. మిషన్ వాళ్ళని పిలిచాను. మొత్తం విప్పి చూస్తామన్నారు. మూడు వారాలు పడుతుందట. ఏమైనా మీ పుణ్యమా అని ఒకటి తేలింది, థాంక్స్ మేడం."

"రెండూ ఒకేలా ఉన్నాయని మా తెర మీద కనబడిందా?" అన్నాను.

"ఆఁ, మీ తెర మీదే. మరెక్కడ చూస్తాం?"

అప్పుడు చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. ఆవిడే మాట్లాడుతోంది.

"ఇవాళ ఒకాయన మూడుసార్లు చేశాడు మేడం. భార్యకి ఊపిరాడటం లేదట. రెండుసార్లు తెగింది. మూడోసారి దొరికాం. ఆరు నిమిషాలు ఆలస్యం."

"ఆవిడకి ఎలా ఉంది?"

"మాకెవరు చెప్తారు? ఆసుపత్రి గుమ్మం దాకానే మా లెక్క. ఆ తర్వాత సంగతి మాకు రాదు."

ఫోను పెట్టేశాక మెట్లమీదకు వెళ్ళి కూర్చున్నాను. మూడు వారాలు వాళ్ళు మంచి మిషన్ని విప్పుతూ కూర్చుంటారు.

మార్చి 13, శుక్రవారం

ఆరు నిమిషాలు.

మార్చి 14, శనివారం

నిన్న ఇంకో పేజీ కూడా రాశాను. చింపేశాను. చేతిరాత బాగోలేదు.

దుకాణానికి వెళ్ళలేదు. తలనొప్పి అన్నాను.

మార్చి 16, సోమవారం

పిచ్చుక రాజీనామా ఇచ్చింది. గడియారమే చెప్పాడు, క్యాంటీన్లో కాఫీ కలుపుకుంటూ, ఎవరి పుట్టినరోజో చెప్పినట్టు. "ఇరవై ఏడో తారీకు ఆఖరి రోజు. చిన్నపిల్ల, తట్టుకోలేకపోయింది. పోనీలెండి, ఒక పాఠం."

"ఎవరికి?" అన్నాను.

"ఏంటి?"

"ఏం లేదు."

తన సీటు దగ్గరకు వెళ్ళాను. మాన్యువల్లో అచ్చుతప్పులు దిద్దుతోంది. ముందైతే కుర్చీని గిర్రున తిప్పి "అక్కా!" అనేది. ఈరోజు తెర మీంచి చూపు తిప్పకుండా "చెప్పండి" అంది. ఎడంచెయ్యి బల్ల అంచు గట్టిగా పట్టుకుని ఉంది.

"అన్నం తిన్నావా?" అన్నాను.

"తిన్నానండి."

అండి.

మార్చి 17, మంగళవారం

పొద్దున టిఫిన్ దగ్గర మా ఆయన నా కప్పు లాక్కున్నారు. "మూడోసారి కడుగుతున్నావు. దాని మీద ఏం మరక ఉంది?"

"ఏమీ లేదు."

"మరి ఉన్నది ఎక్కడ?"

ఏడుపొచ్చింది. చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు, కప్పు తుడిచి అలమరలో పెట్టి తలుపు మూశారు.

ఆఫీసుకు ఏడున్నరకే వెళ్ళాను. ఎవరూ లేరు. ఊడ్చే ఆమె కుర్చీలు జరుపుతున్న చప్పుడు ఒక్కటే. మాస్టారు పంపిన ఫైలు తెరిచాను. దాని పక్కన ఎన్నిసార్లు దించుకున్నారో చిన్న అంకె ఉంటుంది. సున్నా. నేను నొక్కాక ఒకటైంది.

ఐదేళ్ళలో దాన్ని ఎవరూ తెరవలేదు. నేను తెరవలేదు. ఆ వారం కొత్త వెర్షన్ పంపే హడావిడి. ముక్కలు అతికే ఫంక్షన్ మీద ఫిర్యాదు అనగానే చిర్రెత్తుకొచ్చింది. అది నేను రాసింది. అందరూ మెచ్చుకున్నది. ఫైలు పైన నా పేరుంది. పాలిటెక్నిక్ మాస్టారు నాకు చెప్పేదేమిటి అనుకున్నాను. ఆ మాట నాకిప్పటికీ గుర్తుంది. గుర్తులేనట్టు ఇక్కడ రాశాను.

నడిపాను. మొదట పిచ్చుక మార్పు లేకుండా. చివరి ముక్క రెండుసార్లు వచ్చింది, తెరమీద రెండూ ఒకేలా కనిపించాయి. అదే ప్యాకెట్‌ని చేత్తో విప్పి ఒక్కో బైటూ చూశాను. రెండోది మొదటిదానిలా లేనేలేదు. మొదటి కొన్ని బైట్లు తప్ప మిగతా అంతా సున్నాలు.

తర్వాత పిచ్చుక మార్పు మళ్ళీ పెట్టి నడిపాను. కూలిపోయింది. మొదటిసారికే.

ఫంక్షన్ తెరిచాను. వంద వరసలు కూడా లేవు. ముక్కలన్నీ వచ్చాక అతుకుతుంది, మెమరీ వదిలేస్తుంది. వదిలేశానని మాత్రం ఎక్కడా రాసుకోదు. చీటీ చింపదు. చివరి ముక్క మళ్ళీ వస్తే, కొత్తగా వచ్చిందాన్ని చూడకుండా పాత చీటీతో పాత ట్రే దగ్గరకు వెళుతుంది. ఒక్క వరస లేదు. పదకొండేళ్ళుగా లేదు.

ఏడో తారీకునే నాకు తెలుసు. దుకాణంలో కూర్చున్నప్పుడే తెలుసు. ఊహ అని రాశాను.

ఎనిమిదిన్నరకు జనం రావడం మొదలుపెట్టారు. ఇంకో ఆలోచన కూడా వచ్చింది, అదీ రాస్తున్నాను. ఆ ఒక్క వరస చడీచప్పుడు లేకుండా చేర్చేసి, 'చిన్న మార్పులు' అని కొత్త వెర్షన్ పంపేస్తే? కంట్రోల్ రూమ్‌కు అసలు ప్యాకెట్ కనబడుతుంది. కాల్స్ నిలబడతాయి. ఎవరికీ నష్టం లేదు. పాత రిపోర్టును తుడిచేసే అధికారం కూడా నాకుంది.

పదినిమిషాలు ఆ తుడిచేసే బటన్ మీదే చెయ్యి ఉంచి కూర్చున్నాను.

పిచ్చుక వచ్చి బ్యాగు పెట్టి, ఎవరివంకా చూడకుండా తన సీట్లో కూర్చుంది. చెయ్యి తీసేశాను.

మార్చి 18, బుధవారం

గడియారాన్నీ పిచ్చుకనూ చిన్న గదిలోకి పిలిచాను. మాస్టారి ఉత్తరం, నా జవాబు, నా ఫంక్షన్ వరసగా చూపించాను. నడిపి చూపించాను.

గడియారం కుర్చీ వెనక్కి జరిపాడు. "అయినా ఇప్పుడు క్రాష్ ఆగింది కదండీ. మెల్లగా సరిచేద్దాం. క్లయింటు దాకా ఎందుకు తీసుకెళ్ళడం?"

"కూలడం మానేసి అబద్ధం చెప్తోందండి. దాన్ని నమ్మి వాళ్ళు బాగున్న మిషన్ని విప్పుతున్నారు. వాళ్ళు పంపిన పన్నెండో తారీకు ఫైలు కూడా చేత్తో విప్పి చూశాను, అసలు తప్పు వాళ్ళకు కాల్స్ పంపే టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ నుంచి వచ్చే ప్యాకెట్లో ఉంది. ఆ సున్నాల ముక్క తగలగానే వాళ్ళ మిషన్ కాల్స్ వదిలేస్తోంది. ఈలోపల మళ్ళీ కాల్స్ తెగుతాయి."

"మీకిది ఎప్పటినుంచి తెలుసు?"

ఎప్పుడూ ఎప్పటికి అని అడిగే మనిషి. ఆ ప్రశ్నకు సిద్ధపడి రాలేదు.

"ఏడో తారీకు నుంచి" అన్నాను.

పిచ్చుక తలెత్తింది.

"తొమ్మిదో తారీకున లిఫ్ట్ దగ్గర నాతో ఏమన్నారో గుర్తుందా మీకు?"

గుర్తుంది.

"'ఇంకోసారి మొదట్నుంచీ చూసుకోమ్మా, నీదాంట్లోనే ఎక్కడో ఉంటుంది' అన్నారు. ఇంటికెళ్ళి మూడుసార్లు చదివాను. నాలుగోసారి ప్రింటు తీసుకుని చదివాను. కనబడకపోతే నాకే చదవడం రాదనుకున్నాను. ఈ పనికి నేను పనికిరాననుకున్నాను అక్కా." అక్కా అని నోరుజారినట్టుంది, ఆగింది. "మీరు ఊరుకున్నా సరిపోయేది."

"తప్పు చేశాను" అన్నాను. అంతకన్నా పెద్దమాటలేవో ఇంటి దగ్గర అనుకుని వచ్చాను. ఒక్కటీ రాలేదు.

ఆమె లేచి వెళ్ళిపోయింది. తలుపు మెల్లగానే వేసింది.

మార్చి 19, గురువారం

ఒక వరస చేర్చాను. వదిలేశాక వదిలేశానని రాసుకోవడం. మళ్ళీ వచ్చిన ముక్కను కొత్తగా చదవడానికి ఇంకో ఐదు వరసలు. పిచ్చుక మార్పు తిరిగి పెట్టాను, ఆమె పేరుతోనే. మాస్టారి ఫైలు, పన్నెండో తారీకు ఫైలు, రెండూ నడిపాను. కూలలేదు. రెండో ముక్క సున్నాలతో సహా కనబడింది.

గడియారం ఇంకొకరిచేత కూడా చూపించి గానీ పంపనన్నాడు. నా మాట మీద పంపే రోజులు పోయాయి. అదే న్యాయం.

మార్చి 20, శుక్రవారం

కంట్రోల్ రూమ్ ఆవిడకు ఫోను చేశాను. ముందు చెప్పి, తర్వాత రాసి పంపుదామని. రాసిపెట్టుకున్నది చదివినట్టు చెప్పాను: క్రాష్‌కు కారణమైన కోడ్ నాది, ఐదేళ్ళ కిందట ఒకాయన హెచ్చరిస్తే చూడకుండా మూసేశాను, ఏడో తారీకు నుంచి అనుమానం ఉండీ మీకు చెప్పలేదు, మీరు పన్నెండున చూసింది నిజం కాదు.

"పన్నెండున నేను థాంక్స్ చెప్పాను మీకు" అంది.

"అవును."

"మీరు తీసుకున్నారు."

"అవును."

"ఇంకేం అనమంటారు మేడం? మంచి మాటలు రావట్లేదు నాకు. కొత్త వెర్షన్ పంపండి. నాకు పని ఉంది." పెట్టేయబోతూ ఆగింది. "మీ దగ్గర ఎవరో అమ్మాయి వల్ల క్రాష్ వచ్చిందని మీ మేనేజర్ ఉత్తరంలో రాశారు. ఆ అమ్మాయి కాదా అయితే?"

"కాదు. ఆమె మార్పు వల్లే ఇది బయటపడింది. లేకపోతే ఇంకో పదేళ్ళు దొరికేది కాదు."

"అదీ రాతలో పెట్టండి" అంది.

పెట్టాను. గడియారం రెండు వాక్యాలు కొట్టేయమన్నాడు. కొట్టేయలేదు. కాసేపు గుమ్మంలో నిలబడి, "మీ ఇష్టం, కింద మీ పేరే ఉంటుంది" అని వెళ్ళిపోయాడు.

మార్చి 23, సోమవారం

మిషన్ విప్పడం ఆపించారట. ఎక్స్ఛేంజ్ వాళ్ళు తమ పరికరంలో తప్పు ఒప్పుకున్నారు, సరిచేయడానికి టైమ్ పడుతుందట. ఈలోపల రెండోసారి వచ్చే ముక్కను గుమ్మంలోనే పారేసేలా కంట్రోల్ రూమ్‌లో ఏర్పాటు చేసుకున్నారు. ఇదంతా గడియారం చెప్పాడు. ఆవిడ నాకు ఫోను చెయ్యలేదు.

ఆ భాగం బాధ్యత నుంచి నన్ను తప్పించారు. ఇకమీద నేను రాసిందేదైనా ఇద్దరు చూశాకే వెళుతుంది.

పాలిటెక్నిక్ మాస్టారికి మెయిల్ రాశాను. పాత చిరునామాకు వెళ్ళి తిరిగొచ్చింది. రిటైరయ్యారేమో.

మార్చి 24, మంగళవారం

మా ఆయనకు అంతా చెప్పాను, దుకాణం తెరవకముందు, షట్టరు సగం ఎత్తి ఉండగా. ఊపిరాడని ఆవిడ సంగతి కూడా చెప్పాను.

"ఆవిడ బతికిందా?" అన్నారు.

"తెలియదు. ఎప్పటికీ తెలియదు."

ఆయన ఊరడించలేదు. స్టూలు నా వైపు జరిపి కూర్చోమన్నారు. మొదటి బేరం వచ్చేదాకా ఇద్దరం అలాగే ఉన్నాం.

మార్చి 27, శుక్రవారం

పిచ్చుక ఆఖరి రోజు. గడియారం ఉండిపొమ్మని అడిగాడు, జట్టు పెద్దను చేస్తానన్నాడు కూడా. వేరేచోట చేరతానని మాటిచ్చానంది. అందరూ చుట్టూ నిలబడి కేకు కోయించారు. నాకూ ఒక ముక్క కాగితంలో పెట్టి ఇచ్చింది, అందరికీ ఇచ్చినట్టే.

"వెళ్ళేముందు ఫంక్షన్ ఒకసారి చూస్తావా? సరిగా కుదిరిందో లేదో" అన్నాను.

"ఆ ఫైలు మళ్ళీ ముట్టుకోను" అంది. కోపంగా కాదు. కాలినచోట చెయ్యి పెట్టనన్నట్టు.

ఏప్రిల్ 2, గురువారం

పదకొండింటికి ఫోను మోగింది. కంట్రోల్ రూమ్ నంబరు.

"వచ్చింది మేడం. పదీ నలభైకి. అదే ప్యాకెట్, చివరి ముక్క రెండుసార్లు. మీది కూలలేదు, రెండోది ఎలా ఉందో అలాగే చూపించింది. మా మిషన్ దాన్ని పారేసింది."

"కాల్స్?"

"ఆ నిమిషంలో పదకొండు ఉన్నాయి. పదకొండూ నిలబడ్డాయి. ఒక్కటీ తెగలేదు." వెనక నుంచి ఎవరెవరివో మాటలు, చిరునామా మళ్ళీ చెప్పమంటున్నట్టు. "అంతే. తెలియాలి కదా అని చేశాను."

పెట్టేసింది.

పిచ్చుక నంబరు నొక్కి, రెండుసార్లు కట్ చేసి, మూడోసారి మోగనిచ్చాను. ఎత్తదనుకున్నాను. ఎత్తింది.

"పదకొండు కాల్స్..." అని మొదలుపెట్టాను.

"తెలుసు. ఆవిడ నాకే ముందు చేశారు."

"నీకా?"

"పోయిన వారమే నా నంబరు కనుక్కున్నారట. 'నీ మార్పు లేకపోతే మేమింకా మిషన్లు విప్పుతూ ఉండేవాళ్ళం తల్లీ' అన్నారు. రెండుసార్లు అన్నారు."

"మంచిపని చేసింది" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆమె వైపు బస్సులు పోతున్న చప్పుడు. ఇక పెట్టేస్తుందనుకున్నాను.

"ఆ రెండో ముక్కలో ఏముంది?" అంది. "నేనసలు చూడనే లేదు. ఆవిడ సున్నాలన్నారు. అన్నీ సున్నాలేనా?"

"అన్నీ కాదు."

"మొదట్లో ఏముంది?"

పన్నెండో తారీకు ఫైల్లోని ఆ ముక్క నా ముందు తెర మీదే ఉంది. అందులో ఎవరి పేరూ లేదు, ఎవరి నంబరూ లేదు. నలభై ఎనిమిది బైట్లు, అంతే. "చదవనా?" అన్నాను.

"ఉండండి, పెన్ను తీసుకుంటాను."

మొదటి బైటు నుంచి చదివాను. ఆమె ఒక్కోదానికీ "ఊఁ" అంది. తొమ్మిదో బైటు దగ్గర ఆపి, మళ్ళీ చెప్పమంది. అక్కడ్నుంచి సున్నాలు మొదలవుతాయి. సున్నా, సున్నా, సున్నా అని చెబుతూనే ఉన్నాను, ఒక్కటీ వదలకుండా, ఆమె ఆగమనలేదు. పక్క సీటతను తలెత్తి చూసి మళ్ళీ వంచుకున్నాడు.

నలభై ఎనిమిదో దగ్గర "అంతే" అన్నాను.

"సరే" అంది. క్షమించాననలేదు. నేనూ అడగలేదు. అవతల పెన్ను గీస్తున్న చప్పుడు ఇంకా వినబడుతూనే ఉంది.